తోమా అయ్యగారి ఊళ్లో ప్రభువు బల్ల

"ఒక్క మాటే కదే. లేచి నిలబడి, తప్పు చేశాను క్షమించండి అనేసి కూర్చో. నోరేమీ అరిగిపోదు."

"ఏది తప్పు అమ్మమ్మా? మీకెవరికీ చెప్పకుండా కోర్ట్‌లో మ్యారేజ్ చేసుకున్నాను. అది తప్పే. అది చెప్తాను. కిరణ్‌ని చేసుకోవడమే తప్పు అని మాత్రం చెప్పను."

"పెద్దలు చెప్పమన్నది మొత్తం చెప్పాలి. నీకు ఇష్టమైన ముక్క తుంచుకోవడానికి అదేమన్నా పెసరట్టు అనుకున్నావా?"

"సో, లై చెప్పాలా? చర్చ్‌లో నిలబడి లై చెప్పి, అదే నోటితో రొట్టె తినాలా?"

"నీతో మాట్లాడటం నాదే బుద్ధి తక్కువ. ఆ పులిహోర డబ్బా ఇటియ్యి. మూత సరిగ్గా పెట్టలేదు."

శుక్రవారం పొద్దున పిస్కాటవేలో, మా అమ్మాయి ఇంటి వంటగదిలో జరిగిన మాటలివి. ప్రయాణమప్పుడు గొడవ పడకూడదంటారు. మేము పడే బయల్దేరాం.

షారోను నా మనవరాలు. ఈ దేశంలోనే పుట్టింది. యూనివర్సిటీలో చరిత్ర మీద పెద్ద చదువు చదువుతోంది. పోయిన ఏడాది కిరణ్ అనే అబ్బాయిని కోర్టులో పెళ్లి చేసుకుని, ఆ తర్వాత ఇంటికొచ్చి చెప్పింది. అబ్బాయిది వరంగల్ వైపు. బుద్ధిమంతుడే, కానీ హిందువు. మా తెలుగు సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. విశ్వాసం వెలుపల పెళ్లి చేసుకున్నవాళ్లను ప్రభువు బల్ల నుంచి ఆపుతారు. సంఘం ముందు నిలబడి, ఆ పెళ్లి పాపమని ఒప్పుకుంటే మళ్లీ చేర్చుకుంటారు. బాపట్ల పక్కన మా ఊళ్లోనూ అలాగే ఉండేది. ఇక్కడా అలాగే ఉంది. ఉండాలనే నేనూ అన్నాను.

బల్ల అంటే ఏమిటో తెలియనివాళ్లకు చెబుతాను. నెలకొకసారి ఒక చిన్న రొట్టె ముక్క, ఒక గుక్కెడు ద్రాక్షరసం. కడుపుకి ఏ మూలకీ చాలదు. కానీ అందరికీ అందుతున్నది ఒక మనిషికి అందలేదంటే, ఆ మనిషి ఇంటివాళ్లంతా లోపల తింటుంటే అరుగు మీద కూర్చున్నట్టే. షారోను ఏడాదిగా అలా వెనక బెంచీలో కూర్చుంటోంది. చర్చికి రావడం మాత్రం ఒక్క వారమూ మానలేదు. ఇప్పుడు పెద్దలు చివరి మాట చెప్పారు. ఈ ఆదివారం కాక పై ఆదివారం నిలబడి ఒప్పుకోకపోతే సంఘంలోంచి పేరు కొట్టేస్తారు.

ఈలోగా ఈ ప్రయాణం వచ్చింది. షారోను చదువంతా ఒక పాతకాలపు పాస్టరు గారి గురించి. మూడు వందల ఏళ్లు దాటింది ఆయన పోయి. ఇంగ్లీషు వాళ్లు ఓడలెక్కి ఈ దేశానికి వచ్చిన తొలిరోజుల్లో, మసాచుసెట్స్ సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్లో సంఘం నడిపాడు. ప్యూరిటన్లు అంటారట వాళ్లని. ఆయన ఇంటిపేరు నాకు నోరు తిరగదు. పేరు థామస్. మన భాషలో తోమా. కనుక నాకాయన తోమా అయ్యగారు.

షారోను ఆయన ప్రసంగాలు సాయంత్రాలు నాకు తనకొచ్చిన తెలుగులో చెప్పేది. క్రిస్మస్ పండగ చేసుకోవద్దన్నాడు. మగవాళ్లు విగ్గు పెట్టుకుంటే పాపమని ఒక ప్రసంగమంతా చెప్పాడు. ఒకసారి చేపల పడవ మునిగి కుర్రవాళ్లు పోతే, మీ పాపం వల్లే పోయారని ఏ తల్లితోనూ ఎవరూ అనకూడదని, దేవుడెందుకు తీసుకున్నాడో తనకూ తెలియదని ఏడుస్తూ చెప్పాడట. నేను చదివింది మిషను బళ్లో ఐదో తరగతి వరకే. అయినా మనిషి అర్థమయ్యాడు. గట్టివాడు. ఇప్పుడిలాంటి వాళ్లేరి అనుకున్నాను.

షారోనుకి ఆ ఊరి లైబ్రరీలో పని పడింది. నన్నూ రమ్మంది. నేను వెంటనే ఒప్పుకున్నాను. బల్ల విషయంలో ఆయనంత కఠినంగా ఎవరూ లేరని అదే నాతో చెప్పింది. ఆయన ఊళ్లో, ఆయన మాటలతోనే దీని తల వంచాలని నా ఆలోచన.

కనెక్టికట్‌లో ఆగిన చోట

కారు కిరణ్ నడిపాడు. ఏడాదిగా నేను అతనితో సూటిగా మాట్లాడింది తక్కువ. "ఆ అబ్బాయిని ఏసీ తగ్గించమను" అని షారోనుతో చెప్పేదాన్ని. అతను వినేసి తగ్గించేవాడు.

మధ్యాహ్నం దారి పక్క బల్లల దగ్గర కూర్చుని పులిహోర తిన్నాం. లోపల హోటళ్లున్నాయి. ఒక రొట్టెలో మాంసం ముక్క పెట్టి పదమూడు డాలర్లు అంటున్నారు. డబ్బా తెచ్చుకున్నందుకు నాకు సంతోషమైంది.

పక్క బల్ల దగ్గర లారీ నడిపే ఆమె ఒకతె కూర్చుంది. చేతులు కమ్మరివాళ్ల చేతుల్లా ఉన్నాయి. ఆ వాసన ఏమిటని అడిగింది. మూతలో కాస్త పెట్టి ఇచ్చాను. మిరపకాయ కొరికి కళ్ల నీళ్లు పెట్టుకుంది, అయినా మూత ఖాళీ చేసింది. ఎక్కడికి వెళ్తున్నారంటే షారోను చెప్పింది. అప్పుడామె, వాళ్ల నాయనమ్మ ఆదివారం పేకముక్క పట్టనిచ్చేది కాదని, కత్తెర కూడా దాచేసేదని చెప్పింది.

"మా అమ్మ సూది దాచేది అని చెప్పు" అన్నాను షారోనుతో.

అది చెప్పగానే ఆమె బల్ల మీద కొట్టి నవ్వింది. లారీ ఎక్కి, మూడు ఆపిల్ పళ్లు తెచ్చి నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. ఎక్కడి మనిషో, ఆదివారం కట్టుబాటు మాత్రం మాకు ఒకటే.

సముద్రం ఒడ్డు ఊరు

ఆ ఊరి పేరు రాయను. చిన్న సంఘం, వాళ్ల మానాన వాళ్లున్నారు. ఇళ్లన్నీ చెక్కవి, బూడిద రంగువి. గాలికి ఉప్పు వాసన. ఆ వాసన మాత్రం నిజాంపట్నం రేవు వాసనే, చేపలు ఎండబెట్టడం లేదంతే. ఆకులన్నీ రాలిపోయే కాలం. మధ్యాహ్నం నాలుగింటికే పొద్దు వాలినట్టుంది.

రాత్రి వాళ్లిద్దరూ హోటలుకి పిలిచారు. అక్కడ సముద్రపు చిప్పల మాంసంతో, పాలు పోసి చేసిన సూపు పెడతారు. గిన్నె పద్నాలుగు డాలర్లు. పైన కారం చల్లుకోవడానికి మిరియాల పొడి తప్ప ఇంకేమీ లేదు. షారోను గిన్నెలో ఒక చెంచా రుచి చూశాను. పసిపిల్లలకి పెట్టేలా చప్పగా ఉంది. కిరణ్ మాంసం ముట్టడు. అతనికి ఉడకబెట్టిన బంగాళాదుంప తెచ్చారు. దాని వైపు అతను చూసిన చూపుకి జాలేసింది.

"గదిలో పెరుగన్నం ఉందని చెప్పు" అన్నాను షారోనుతో.

"మీరే చెప్పచ్చు కదా అమ్మమ్మా. రెండు అడుగుల దూరంలో ఉన్నాడు."

"విన్న అమ్మమ్మా" అన్నాడు కిరణ్, నవ్వకుండా. "ఆవకాయ గూడ ఉన్నదా?"

"ఉంది" అన్నాను. ఆ రోజుకి అంతే.

గదికొచ్చాక షారోనుని అడిగాను. బల్ల గురించి తోమా అయ్యగారు ఏం చెప్పాడో మొత్తం చెప్పు, ఏదీ వదలొద్దు అని. నా ఉద్దేశం దానికి తెలుసు. తెలిసే చెప్పింది.

ఆ కాలంలో ఆ సంఘంలో బల్లకి రావాలంటే ఊరికే రానివ్వరట. దేవుడు తన ఆత్మలో చేసిన పని ఏమిటో ప్రతి మనిషీ సంఘానికి చెప్పుకోవాలి. నమ్మితేనే చేర్చుకుంటారు. గుడికి ఊరంతా వస్తారు, బల్లకి మాత్రం కొందరే. ఒప్పుకోకుండా వచ్చేవాళ్లని తోమా అయ్యగారు రానిచ్చేవాడు కాదు. ఊళ్లో డబ్బున్న ఒకాయన్ని ఏళ్ల తరబడి ఆపాడు.

"చూశావా" అన్నాను.

"ఇంకా ఉంది అమ్మమ్మా. ఏదీ వదలొద్దన్నారు కదా." చేతిలో కాగితాలు తిప్పింది. "ఫోర్స్ చేసి చెప్పించిన మాట వద్దన్నాడు. మనసులో లేనిది నోటితో చెప్పి బల్లకి వచ్చేవాళ్లు, రాకుండా బయట ఉన్నవాళ్లకన్నా ఎక్కువ డేంజర్‌లో ఉన్నారని చెప్పాడు. అదే ప్రసంగంలో, నెక్స్ట్ పేజీలో."

"నీకు కావాల్సింది చదువుతున్నావు."

"మీకు కావాల్సింది ముందే చదివాను కదా."

లైటు ఆర్పమన్నాను.

మీటింగ్ హౌస్

శనివారం లైబ్రరీలో షారోను పని పూర్తయ్యాక గుడి చూడబోయాం. వాళ్లు దాన్ని గుడి అనరు, మీటింగ్ హౌస్ అంటారు. తోమా అయ్యగారు ప్రసంగించిన కట్టడం ఎప్పుడో పోయిందట. అదే చోట తర్వాత కట్టింది ఇది, అదీ చాలా పాతదే. తాళాలు మార్తా అనే ఆమె దగ్గర ఉంటాయి. నా కన్నా పెద్దది. కర్ర పట్టుకుని వచ్చింది.

గుమ్మం దగ్గర నేను చెప్పులు విడిచాను. మా ఊళ్లో ప్రార్థన మందిరంలోకి చెప్పులతో వెళ్లం. పిస్కాటవేలో అద్దె చర్చి కాబట్టి అందరూ బూట్లతో నడుస్తారు, నాకు ఇప్పటికీ గిట్టదు.

"అమ్మమ్మా, గిట్ల ఇడిస్తే కాళ్లు గడ్డకడ్తయ్. లోపల హీటర్ లేదట" అన్నాడు కిరణ్.

నేను వినలేదు. లోపల నిజంగానే మంచు మీద నడిచినట్టుంది. తెల్లటి గోడలు, రంగులేని అద్దాలు. బొమ్మ లేదు, సిలువ కూడా లేదు. ఎత్తయిన ప్రసంగ వేదిక, దాని పైన గొడుగులా చెక్క కప్పు. బెంచీలకి చుట్టూ చెక్క గోడలు, చిన్న తలుపులు. కీబోర్డు లేదు, డ్రమ్ములు లేవు, పాట చూపించే టీవీ తెర లేదు. నా ప్రాణం లేచొచ్చింది. కొంగు తల మీదికి లాక్కుని ఎడమవైపు వెళ్లి కూర్చున్నాను.

మార్తా నన్ను చూసి ఏదో అంది. తోమా అయ్యగారి కాలంలో ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు కూర్చునేవారట, ఆ సంగతి నాకెవరు చెప్పారని అడిగింది. ఎవరూ చెప్పలేదు, మా ఊళ్లో ఇప్పటికీ అంతే అన్నాను. ఆమె కర్ర పక్కన పెట్టి నా పక్కనే కూర్చుంది. అప్పట్నుంచీ షారోనుని వదిలేసి నాకే చెప్పసాగింది, షారోను మధ్యలో తెలుగు చేస్తూ పోయింది.

శనివారం పొద్దు గూకితే వాళ్లకి ఆదివారం మొదలైపోయేదట. ఇక పొయ్యి మీద కొత్తగా ఏమీ వండరు. అందుకని శనివారం చిక్కుడు గింజలు బెల్లప్పాకం పోసి కుండలో పెట్టి, సన్నని సెగ మీద వదిలేసేవారు. ఇప్పటికీ ఆ ఊళ్లో శనివారం చిక్కుడు గింజలే. మా అమ్మ కూడా శనివారం రాత్రే చింతపండు పులుసు కాచి పెట్టేది, ఆదివారం అన్నం ఒక్కటే వార్చేది. ఆ మాట చెబితే మార్తా నా చెయ్యి పట్టుకుంది.

తర్వాత ఆమె కర్రతో నేల మీద ఒక చోటు చూపించింది. పాత గుడిలో తోమా అయ్యగారి భార్య అక్కడ కూర్చునేదని, చచ్చేదాకా బల్ల తీసుకోలేదని చెప్పింది.

నాకు సరిగా వినపడలేదేమో అనుకుని మళ్లీ అడిగాను. "అయ్యగారి భార్యే?"

"అవును అమ్మమ్మా. డైరీలో రాసుకున్నాడు. నేనూ చదివాను" అంది షారోను. "ఆడవాళ్లు అందరి ముందు మాట్లాడక్కర్లేదు. పాస్టర్‌కి ప్రైవేట్‌గా చెప్తే ఆయనే చర్చ్‌లో చదివేవాడు."

"అంటే ఆవిడ ఇంట్లో మొగుడికి చెప్పుకుంటే చాలు కదా. అదీ చెప్పలేదా?"

"చెప్పలేదు. దేవుడు నాలో పని చేశాడని నాకు నమ్మకంగా తెలీదు, తెలీనిది తెలుసని ఎలా చెప్పను అంది."

"మరి ఆయన?"

"ఫోర్స్ చేయలేదు."

నేను చాలాసేపు ఆ చోటు వైపు చూశాను. తర్వాత ఒక మాట అడగమన్నాను మార్తాని. "ఆయన తిన్నాడా?"

మార్తాకి ప్రశ్న అర్థం కాలేదు. పాస్టరు కదా, ముందు ఆయనే తినాలి, తర్వాత అందరికీ పంచాలి అంది. నెల నెలా, అన్నేళ్లూ తిన్నాడు.

బయటికి వస్తే నా చెప్పులు లేవు. మా వెనకే లోపలికి వస్తూ, ఎవరో పర్యాటకులు మరిచిపోయారనుకుని మార్తా వాటిని వెనక గదిలో పెట్టె లోపల వేసేసిందట. ఆ సంగతి ఆమెకి గుర్తు రావడానికి కాసేపు పట్టింది. ఈలోగా కిరణ్ తన బూట్లు విప్పి నా ముందు పెట్టి, మేజోళ్లతో వెతకడానికి పోయాడు. ఆ పడవల్లాంటి బూట్లలో నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. చెప్పులు తెచ్చి వంగి నా కాళ్ల దగ్గర పెట్టాడు.

"నువ్వెందుకు పట్టుకొచ్చావయ్యా, షారోను తెచ్చేది కదా" అన్నాను.

"ఏమాయె అమ్మమ్మా" అన్నాడు.

సమాధులు

గుడి వెనకే సమాధులు. నల్లటి పలక రాళ్లు, పలకల మాదిరే పల్చగా ఉన్నాయి. ప్రతి రాయి మీదా పుర్రె, పుర్రెకి రెక్కలు. మా సమాధుల మీద సిలువో, పువ్వో చెక్కిస్తాం. ఇవి చూస్తే ఒళ్లు జలదరించింది. కానీ చావుని చావులా చూపించారు, దాచలేదు.

తోమా అయ్యగారి రాయి, పక్కనే ఆవిడ రాయి. మధ్యలో నాలుగు చిన్న రాళ్లు, పిల్లలవి. అంతమందిని పోగొట్టుకుని కూడా, లేని నమ్మకాన్ని ఉందని ఆవిడ చెప్పలేదు. ఆవిడ రాయి మీద నాచు పట్టింది. కొంగుతో తుడవబోతే షారోను చెయ్యి పట్టుకుంది.

"ముట్టుకోకండి అమ్మమ్మా. పొర ఊడిపోతుంది."

"ఏం రాసుంది దీని మీద?"

"దేవుని భయం కలిగిన స్త్రీ అని."

"బల్ల తీసుకోలేదని రాయలేదా?"

"లేదు."

అక్కడ గాలి బాగా కొడుతోంది. షారోను తన స్కార్ఫు తీసి నా చెవులకి చుట్టింది. తోమా అయ్యగారిని నేను నా వైపు సాక్షిగా తెచ్చుకున్నాను. ఆయన నా వైపే ఉన్నాడు, కానీ దాని వైపు కూడా ఉన్నాడు. ఆ రాత్రి చిక్కుడు గింజలు తిన్నాం. తియ్యగా ఉన్నాయి. ఆవకాయ వేసుకుంటే నయం.

ఆదివారం

పొద్దున ఆ మీటింగ్ హౌస్‌లోనే ఆరాధనకి వెళ్లాం. పాతికమంది లోపే ఉన్నారు, ఎక్కువమంది ముసలివాళ్లు. ఈసారి చిన్న హీటర్లు తెచ్చి పెట్టారు. పాస్టరు ఒక ఆడమనిషి. తెల్ల అంగీ కింద నుంచి పరుగు బూట్లు కనబడుతున్నాయి. మగవాళ్లు, ఆడవాళ్లు కలిసే కూర్చున్నారు. తోమా అయ్యగారు చూస్తే ఏమనేవాడో. నాకైతే మెడ నొప్పి పుట్టింది, ఇటూ అటూ చూసి.

ఆ రోజు వాళ్లకి బల్ల. ఎవరైనా రావచ్చు, ఏ సంఘంవాళ్లైనా, ఏ నమ్మకం ఉన్నా లేకపోయినా అందరికీ ఉంది అని ఆవిడ చెప్పింది. షారోను నా చెవిలో తెలుగు చేసింది. ఇక్కడ మనల్ని ఎరిగినవాళ్లు లేరు. ఆపేవాళ్లు లేరు. ఏడాది తర్వాత ఇవాళ షారోను రొట్టె తింటుంది అనుకున్నాను. అది సరైనదా కాదా అని కూడా అప్పుడు ఆలోచించలేదు. తినాలనే అనిపించింది.

పళ్లెం ముందు కిరణ్ దగ్గరికి వచ్చింది. అతను నా వైపు వంగాడు.

"అమ్మమ్మా, తీస్కోవాల్నా?"

"నమ్మకం ఉందా?"

"ఇంకా లేదు."

"అయితే వద్దు."

తల ఊపి షారోనుకి అందించాడు. షారోను పళ్లెం రెండు చేతులతో పట్టుకుంది. రొట్టె వైపు చూసింది. కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. కళ్లు తెరిచి పళ్లెం నాకు ఇచ్చింది. తీసుకోలేదు.

నా చేతికి అరవై ఏళ్ల అలవాటు. ముక్క తీసి నోట్లో వేసుకున్నాను. పొంగిన రొట్టె, ఉప్పూ పంచదారా కలిసింది. మేము పులియని పిండితో చేస్తాం. అది నాలుక మీద ఉండగా పక్కకి చూశాను. షారోను తల వంచుకుని ఉంది. మింగడానికి నాకు కష్టమైంది.

బయట చెట్టు కింద నిలబెట్టి అడిగాను. "ఎందుకు తీసుకోలేదే? ఇక్కడ ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు. అందుకే అమ్మమ్మా."

"అర్థమయ్యేలా చెప్పు."

"నన్ను ఆపింది మన చర్చ్. నేను సండే స్కూల్‌కి వెళ్లింది అక్కడే, బాప్టిజం అక్కడే. ఇక్కడ తినేస్తే వెనక డోర్ నుంచి దొంగగా వచ్చినట్టుంటుంది. నాకు మన బల్లే కావాలి. మీ అందరితో కావాలి." కాలితో ఒక ఎండుటాకుని పక్కకి నెట్టింది. "అది ఇవ్వకపోతే, ఓకే. ఆకలితోనే ఉంటాను."

ఈ పిల్ల కట్టుబాటుని లెక్కచేయదని ఏడాదిగా నేను అందరితో అంటూ వచ్చాను.

తిరుగు దారి

దారి పొడుగునా షారోను వెనక సీట్లో నిద్రపోయింది. నేను ముందు కూర్చున్నాను. కనెక్టికట్ దాటాక కిరణ్‌ని నేనే అడిగాను.

"నువ్వు ప్రతి ఆదివారం మా చర్చికి వస్తున్నావటగా. షారోను రమ్మంటుందా?"

"రమ్మనదు అమ్మమ్మా. అన్ని ఆదివారాలు గూడ రాను. బల్ల ఉన్న ఆదివారమే వస్త."

"నమ్మకం లేదంటివి. మరి ఎందుకు?"

"ఆ పొద్దు ఆమె వెనక ఒక్కతే కూసుంటది గద. పళ్లెం పక్క బెంచీల దాక వచ్చి ఆగిపోతది. పక్కన ఎవ్వలన్న ఒకలు ఉండాలె."

నేను ముందు వరసలో కూర్చుంటాను. పళ్లెం మొదట వచ్చేది మా వరసకే. వెనక్కి తిరిగి చూడటం మర్యాద కాదని ఎప్పుడూ చూడలేదు.

"ఆకలేస్తోందా?" అని అడిగాను.

"ఏస్తున్నది."

ఆపిల్ పండు ఒకటి మిగిలింది. కోసి, ముక్క ముక్కా అందించాను. అతను రోడ్డు మీద చూపు తిప్పకుండా తిన్నాడు. ఇంటికి చేరేసరికి బాగా పొద్దుపోయింది. వాళ్లిద్దర్నీ మా దగ్గరే పడుకోమన్నాను.

సోమవారం పొద్దున

మా పాస్టరు గారికి కూడా ఆఫీసు ఉద్యోగం ఉంది. ఆయన కారెక్కక ముందే ఫోన్ చేశాను.

"ప్రైజ్ ద లార్డ్ అమ్మా. ట్రిప్ బాగా జరిగిందా?"

"వందనాలు అయ్యగారూ. బాగా జరిగింది. ఒక మాట చెప్పాలి. ఆదివారం షారోను నిలబడుతుంది. చెప్పకుండా పెళ్లి చేసుకున్నందుకు క్షమించమని అడుగుతుంది. ఆ పెళ్లి పాపమని మాత్రం అనదు. అనమని నేనూ ఇక చెప్పను."

"అమ్మా, మరి పెద్దలు..."

"ఇంకా ఉంది, వినండి. దాన్ని బల్లకి రానిచ్చేదాకా నేనూ రాను. దాని పక్కన వెనక కూర్చుంటాను."

"మీ మీద ఏ ఆంక్షా లేదు కదమ్మా."

"లేదు. నేనే మానుకుంటున్నాను."

"అమ్మా, తప్పుగా అనుకోకండి. పోయిన ఏడాది కట్టుబాటు కట్టుబాటే అని అందరికంటే ముందు అన్నది మీరే."

"అన్నాను. కట్టుబాటు తీసెయ్యమని ఇప్పుడూ అనడం లేదు. పిల్ల చేత అబద్ధం చెప్పించొద్దు అంటున్నాను."

కారు తలుపు వేసిన చప్పుడు వినబడింది. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఆదివారం దాకా పేరు కొట్టేసే సంగతి ఎవరూ ఎత్తరు. గురువారం సాయంత్రం పెద్దల్ని తీసుకుని ఇంటికి వస్తాను. అమ్మాయి ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో మా చెవులతో వింటాం. ఏం తేలుతుందో నేను మాట ఇవ్వలేనమ్మా."

"ఇవ్వొద్దు. రండి. తిని రాకండి, ఇక్కడే తిందురు గాని."

ఫోన్ పెట్టేసి చూస్తే షారోను మెట్ల మీద నిలబడి ఉంది, భుజాన బ్యాగుతో.

"విన్నావా?" అన్నాను.

"విన్నాను అమ్మమ్మా."

"అయితే బుధవారం రెండు పౌన్లు లేత వంకాయలు పట్టుకురా. గురువారం కిరణ్ కూడా బంతిలో కూర్చుంటాడు, మాంసం తినడు కదా. ఆ ఇండియన్ షాపులో కొనకు, వాడు ధర పెంచాడు."